అరవై ఒకటో డబ్బా

ఆ రోజుల్లో పలాస చుట్టుపక్కల నాకు ఇంగ్లీషు బాగా వచ్చని పేరుండేది. ఆ పేరు పెట్టిందీ నేనే, ఊరూరా తిప్పిందీ నేనే. తొమ్మిదో తరగతి రెండేళ్ళు చదివాను కాబట్టి లెక్కప్రకారం పదో తరగతి కూడా అయిపోయినట్టేనని మా మేనత్తకి నచ్చజెప్పి, బడికి ఒక దండం పెట్టి, ఆవిడ జీడిపప్పు షెడ్డులో డబ్బాలకి మూతలు బిగించే పనిలో చేరాను. (మూతలు బిగించడానికి తొమ్మిదో తరగతి కూడా ఎక్కువేనని తర్వాత తెలిసింది.) ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి నా దగ్గర ఒక కొత్త ఫోను, నోట్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు, ముఖాన అంతులేని ధైర్యం ఉన్నాయి. ఇంతకంటే తక్కువ సరంజామాతో ఎవరైనా విదేశీ వ్యాపారంలోకి దిగి ఉంటే వాళ్ళని ఒకసారి కలిసి కాఫీ ఇప్పించాలని ఉంది.

మా షెడ్డు పలాస దాటి ఉద్దానం తోటల్లోకి వెళ్ళే దారిలో ఉంది. మావయ్య బాయిలరులో జీడిపిక్కలు ఉడికిస్తే, అత్తతో కలిపి పధ్నాలుగు మంది ఆడవాళ్ళు వాటిని కోసి, పప్పు తీసి, పొట్టు వలిచి, గుండు పప్పు ఒక పక్కకి, బద్ద పప్పు ఒక పక్కకి చేసేవారు. అత్త వాళ్ళ మధ్యలో తిరుగుతూ అందర్నీ సమానంగా తిట్టేది. అంతా బాగానే ఉండేది గానీ, వానలు పట్టగానే బజారులోని పెద్ద వ్యాపారులు "ఇప్పుడొద్దమ్మా" అనేవారు. షెడ్డుకి తాళం పడేది. పధ్నాలుగు మందిలో సగం మంది పిల్లల్ని ముసలివాళ్ళకి అప్పజెప్పి, హైదరాబాదు వైపు ఇళ్ళ కట్టుబడి పనులకి రైలెక్కేవారు. ఏటా ఆ రైలు దగ్గరికి వెళ్ళి అత్త ఏడ్చేది. ఏడాది పొడుగునా సరుకు తీసుకునే మనిషి ఒక్కరు దొరికితే ఆ రైలు ఎక్కక్కర్లేదు. మాకు కావలసిందల్లా ఆ ఒక్కరు.

ఆ ఏడు టెక్కలిలో 'చిన్న తయారీదారులకు ఎగుమతి అవకాశాలు' అని ఒకరోజు శిక్షణ పెడితే అత్త నన్ను పంపింది. తెర మీద ఓడ బొమ్మ చూపించారు. సముద్రం ఇవతల మనం, అవతల చేతులు చాచి నిలబడ్డ జనం. మధ్యలో ఏముందో చెప్పబోయేసరికి భోజనాల వేళైపోయింది. బిర్యానీ పొట్లం, చేతిసంచీ పుచ్చుకుని తిరిగొచ్చి ఆ సాయంత్రమే నన్ను నేను ఎగుమతుల మేనేజరుగా ప్రకటించుకున్నాను. మా జీడిపప్పు ఫొటోలు ఫోనులో ఎక్కడెక్కడో పెట్టాను. నెలన్నర తర్వాత జర్మనీలో పచారీ దుకాణం నడిపే ఒకావిడ, చిన్నవాళ్ళ దగ్గర నేరుగా కొనాలని ఉందంటూ ఉత్తరం రాసింది. రెండు కిలోలు నమూనా పంపితే తిని, బాగుందని, ముందు పదేసి కిలోల డబ్బాలు అరవై పంపమంది. అవి సవ్యంగా చేరితే ఇక నెలనెలా తీసుకుంటానంది. ఆ మాట చదివినప్పుడు షెడ్డులో ఎవరూ నోరెత్తలేదు. (మా షెడ్డులో అంతకుముందు నిశ్శబ్దం కరెంటు పోయినప్పుడు కూడా లేదు.) ఫోనే ఇంగ్లీషుని తెలుగులోకీ తెలుగుని ఇంగ్లీషులోకీ మార్చేస్తుంది కాబట్టి నా పేరు ప్రతిష్ఠలకి భంగం రాలేదు.

అక్కణ్ణుంచి నోరు తెరవడం మొదలైంది. మొదట నేను తెరిచాను, తర్వాత షెడ్డంతా తెరిచింది. విశాఖపట్నంలో ఓడలకి సరుకు ఎక్కించే ఏజెంటు ఒకాయన మాకు దూరపు వరసకి బావ అవుతాడు. ఆయన ఫోను చేసిన ప్రతిసారీ మాకొక కొత్త పిడుగు. ఎగుమతి చేసే మనిషికొక నంబరుండాలన్నాడు. పప్పులో బూజు విషం లేదని పరీక్ష కాయితం కావాలన్నాడు. డబ్బాల కింద పెట్టే చెక్కబల్లకి, దాన్ని వేడిచేసి పురుగుని చంపినట్టు ముద్ర ఉండాలన్నాడు. "సెక్కకి కూడా పాసుపోర్టేటి బావా?" అంటే, "నీకు నేకపోయినా పర్నేదురా, సెక్కకుండాల" అన్నాడు. ఊరి వడ్రంగి చేత ముచ్చటపడి చేయించిన బల్ల ఆ విధంగా మా పెరట్లో కోళ్ళ గూటికి పైకప్పు అయింది.

షెడ్డులో వాడే నీళ్ళకి కూడా పరీక్ష అడిగారు. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రాలేదు. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. మా నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళినవాళ్ళని చిన్నప్పట్నుంచి చూస్తూనే ఉన్నాను. వాళ్ళెవరూ తిరిగొచ్చి మా గుమ్మంలో నిలబడి, ఇదిగో మీ నీళ్ళలో ఉన్నది ఇదీ అని చెప్పగా నేను చూడలేదు. జర్మనీ ఆవిడ పప్పు కోసం అడిగితే వారం తిరక్కుండా పరీక్ష చేసి రెండు పేజీల కాయితం చేతిలో పెట్టారు. షెడ్డుకి తెప్పిస్తున్న శుద్ధి నీళ్ళే కాబట్టి గండం గడిచింది. అత్త ఆ కాయితాన్ని అటూ ఇటూ తిప్పి, "మనం తాగినన్నాళ్ళు ఎవులికీ అక్కర్నేకపోయింది" అని లోపలికి వెళ్ళిపోయింది.

అసలు పిడుగు తర్వాత పడింది. జర్మనీ ఆవిడ షెడ్డుని వీడియోలో చూపించమంటే, అందరిచేతా కొత్త చీరలు కట్టించి, పువ్వులు పెట్టించి, పెళ్ళివారిలా కూర్చోబెట్టి చూపించాను. మర్నాడు చాంతాడంత ఉత్తరం వచ్చింది. తలకి టోపీ, చేతులకి తొడుగులు, పువ్వులు కూడదు, షెడ్డులో పొగ కూడదు, చేతికి గాజులు కూడదు. పొగ మాట చదవగానే అందరూ అడ్డపొగ మామ్మ వైపు చూశారు. ఈ మామ్మ మా షెడ్డులో అందరికంటే పెద్దది, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ కబుర్లు చెప్పే మనిషి. షెడ్డు గుమ్మం బయటే కాలుస్తుంది గానీ గుమ్మం దగ్గర్నుంచి కదలదు. "నోట్లో నిప్పుంతే ఆలికేటి నొప్పి? బయటుంతే కదా పెమాదం!" అంది. కానీ గాజుల మాట చదివేసరికి పధ్నాలుగు మందీ ఒక్కసారి లేచారు.

"ఓలమ్మో! గాజులు తియ్యడవేటి? ఆ దొరసాని ఎవుర్తిరా, నా గాజులు తియ్యమనడానికి?" అంది అత్త. చేతినిండా ఆకుపచ్చ మట్టిగాజులు గలగలలాడాయి. "మీ మావ నిచ్చేపంలాగ బాయిలరు కాడ కూకున్నాడు. ఆయన్ని పిలిసి అడుగు, తియ్యమంతాడో నేదో!"

మావయ్య బాయిలరు దగ్గర్నుంచే, "నన్నెందుకే ఇందులోకి లాగుతావు? నానున్నాను కదా, సాలదేటి!" అని అరిచాడు.

అప్పుడు నా తెలివి పనిచేసింది. (అది పనిచేసినప్పుడల్లా ఎవరికో ఒకరికి నష్టం జరగడం మా ఇంట్లో అందరికీ తెలిసినదే.) గాజుల మీద గుడ్డ చుట్టి, దాని మీద మోచేతి దాకా తొడుగు వేయించి మళ్ళీ వీడియో తీశాను. గాజులు తీసిందీ లేదు, కనబడిందీ లేదు. జర్మనీ ఆవిడ బ్రహ్మాండం అంది. దేశాల మధ్య సంధి కుదిర్చినంత గర్వంగా ఆ రాత్రి నేను రెండు పెరుగన్నాలు తిన్నాను.

సరుకు కట్టే రోజు వచ్చింది. కాయితాల్లో ప్రతి డబ్బాకీ నికరంగా పది కిలోలని రాసి ఉంది. ఏజెంటు బావ ముందే చెప్పాడు: "గ్రాము తేడా రాకూడదు." అందుకని నేనే ఎలక్ట్రానిక్ కాటా ముందు కూర్చుని, ఒక్కొక్క గింజ తీస్తూ వేస్తూ, అరవై డబ్బాలూ అద్దంలా తూచి వరసగా పెట్టాను. అత్త అగరొత్తులు వెలిగించి, గుమ్మం బయట కొబ్బరికాయ కొట్టింది. నేను మొదటి మూత చేతిలోకి తీసుకున్నాను.

"ఆగు. పిడికెడెయ్యకుండా మూత బిగించేత్తన్నావేటి?" అంది అత్త.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా షెడ్డులో కొత్త బేరానికి మొదటి సరుకు వెళ్తుంటే, ప్రతి డబ్బాలో తూకం అయిపోయాక ఒక పిడికెడు పప్పు కొసరు వేస్తారు. అది కూడా వలిచిన చేతులే వేయాలి. ఉత్త తూకం ఇవ్వడమంటే ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడినట్టు. అత్తకి వాళ్ళ అత్త నేర్పిన పద్ధతి అది, ఇంతవరకూ ఏ వ్యాపారీ ఎందుకు ఎక్కువిచ్చావని పోట్లాటకి రాలేదు.

నేను ఒక్క క్షణం తటపటాయించాను. కాయితాలు గుర్తొచ్చాయి. కానీ నా బుర్ర ఇలా నడిచింది: తూకం తక్కువైతే దొంగతనం, ఎక్కువైతే దానధర్మం. దానధర్మానికి ఎవడు కేసు పెడతాడు? "వెయ్యండి!" అన్నాను రాజులాగా. అత్త తొడుగు విప్పేసింది, గుడ్డ విప్పేసింది. "తొడుగేసుకుని కొసరేత్తారేటి, అది ఆ తొడుగిచ్చినట్టవుద్ది గానీ మనిసిచ్చినట్టవుద్దా?" అంది. అందరూ విప్పేశారు. పధ్నాలుగు చేతులూ గలగలమంటూ వరసగా డబ్బాల్లోకి దిగాయి. చిన్న చేతివాళ్ళవి చిన్న పిడికిళ్ళు, అడ్డపొగ మామ్మది అరసోలెడు. ఆఖరి డబ్బాలో నేను కూడా, వలిచిన చెయ్యి కాకపోయినా మేనేజరు చెయ్యి కాబట్టి, రెండు పిడికిళ్ళు వేశాను. మూతలు బిగించాం. వ్యాను కదులుతుంటే ఆడవాళ్ళు దిష్టి తీశారు.

నాలుగో రోజు పొద్దున ఏజెంటు బావ ఫోను.

"ఒరే, డబ్బాల్లో ఏటి పెట్టినావురా?"

"జీడిపప్పు బావా."

"ఇంకా?"

"ఇంకా జీడిపప్పే."

"ఎటకారాలాపు. ఒక్కో డబ్బా ఒక్కో బరువొచ్చింది. ఒక్కటీ కాయితంతో కలవనేదు. పప్పు కింద ఏటో దాసినారని కస్టమ్సు ఆఫీసరు అనుమానపడతన్నాడు. సరుకు ఆపీసినారు. ఓడకెక్కించే పెద్ద పెట్టెలో వేరేవోళ్ళ సరుకు కూడా ఉంది, ఆళ్ళు నన్ను పీక్కు తింతన్నారు. బేగి రా!"

ఎక్కువిచ్చినందుకు దొంగనయ్యానన్న మాట ఎంతసేపటికీ లోపలికి దిగలేదు. అత్తకి చెబితే, ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుని, తర్వాత ఆ చెయ్యి తీసి, "నానొస్తాను. పెద్దమనిసికి నాను సెప్తాను" అని చీర మార్చుకుంది. రైల్లో విశాఖపట్నం చేరేదాకా ఒక గుడ్డసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అందులో ఏముందని నేను అడగలేదు. అడగకపోవడం నా రెండో తప్పు.

ఆఫీసరు కుర్రాడే, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. తెలుగు రాదు, నవ్వూ రాదు. నేను నా ప్రఖ్యాత ఇంగ్లీషు తీశాను. కొసరుని ఇంగ్లీషులో ఏమంటారో ఫోనుని అడిగితే అది కూడా చేతులెత్తేసింది. నేను పిడికిలి బిగించి, గాల్లో వంచి, విప్పి చూపించాను. ఆయన నా పిడికిలిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంతలో అత్త గుడ్డసంచీలో చెయ్యి పెట్టి, గుప్పెడు జీడిపప్పు తీసి, "తిను బాబూ, తింతే నీకే తెలుత్తాది" అని ఆయన ముక్కు కింద పెట్టింది.

ఏజెంటు బావ ముఖం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది. "అత్తా! సెయ్యి దించు! లంచం కింద రాసీసుకుంతాడు!"

"పిడికెడు పప్పు లంచవేటి? మా ఇంటికొస్తే నీకు బస్తా పెట్టనేటి?"

"బస్తా మాట ఇక్కడనకే తల్లీ!"

ఆఫీసరు పక్కగది తలుపు వైపు వేలు చూపించాడు. పెద్ద గదిలో తెల్లకాయితం పరిచిన బల్ల, పక్కన మా డబ్బాలు. అరవయ్యీ ఒకదాని తర్వాత ఒకటి విప్పించాడు. నేను ముచ్చటగా బిగించిన మూతల్ని నా చేతే తీయించాడు. పప్పు కింద పప్పే ఉంది. ఇరవై డబ్బాలు, ముప్ఫై డబ్బాలు. అత్త ధైర్యం పెరుగుతూ వచ్చింది. "సూసుకో నాయనా, అడుగుదాకా సూసుకో" అంటోంది. నలభయ్యో డబ్బా దాటాక గుమ్మరించిన పప్పులో టక్కున చిన్న చప్పుడైంది. ఆఫీసరు రెండు వేళ్ళతో ఏదో ఏరి తెల్లకాయితం మధ్యలో పెట్టాడు.

ఆకుపచ్చ గాజుముక్క. గోరంత ఉంటుంది. ఒక కొస సూదిలా ఉంది.

ఆయన కోప్పడలేదు, కేక వేయలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, నాకు ఏదో ఒక వేళాకోళం తట్టేది. నేను అత్త చేతి వైపు చూశాను. అత్త అప్పటికే ఆ చేతిని కొంగులోకి దాచేసుకుంది. గాజుల కోసం షెడ్డంతా అదిరేలా అరిచిన మనిషి ఆ ముక్కని చూస్తూ, గొంతు బాగా తగ్గించి, "పిల్లలు కూడా తింతారు కదరా" అంది.

నేను చేసిన తెలివైన పని ఏమిటో అప్పుడర్థమైంది. జర్మనీ ఆవిడ గాజులు తీయమంటే నేను దాయించాను. తూకం కలపమంటే పెంచాను. ఒక దేశపు నియమాన్ని ఇంకో దేశపు మర్యాదతో మోసం చేశాను. ఆ రెండూ కలిసి ఒక పసివాడి నోటిదాకా వెళ్ళబోయాయి.

బయటికొచ్చాక ఏజెంటు బావ మెల్లగా అన్నాడు. "ముక్క తీసీసినాం. కొత్త కాయితాలు సేసి మళ్ళీ పెడితే ఆవిడికి తెలవదు."

నేను కూడా అదే అనబోతున్నాను. అత్త మా ఇద్దర్నీ చూసింది. "ఒక్క ముక్కే ఉందని నీకెవుడు సెప్పినాడు? సరుకంతా ఎనక్కి తెచ్చీండి. ఆవిడికి ఉన్నదున్నట్టు రాయి." "రాస్తే బేరం పోద్దత్తా!" అన్నాను. "పోతే రైలెక్కుతారు. ప్రతేడూ ఎక్కుతన్నారు కదా" అంది. అని అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయింది.

వచ్చేముందు ఆఫీసరు కాయితాల మీద సంతకం చేస్తూ హిందీలో ఏదో అన్నాడు. ఏమన్నాడని అత్త అడిగితే బావ చెప్పాడు: "ఎక్కువివ్వాలనుంతే ఇచ్చుకోండి గానీ, రాసివ్వండి అంతన్నాడు." అత్త ఆ మాటని మడిచి రొంటిన పెట్టుకున్నట్టు తలూపింది.

ఆ రాత్రి జర్మనీ ఆవిడకి మొత్తం రాశాను. గాజుల మీద గుడ్డలు, పిడికిళ్ళు, ముక్క, అన్నీ. జవాబు ఆరు రోజులు రాలేదు. అడ్డపొగ మామ్మ రోజుకి మూడుసార్లు, "మాటాడిందేటిరా ఆ యమ్మ?" అని అడిగేది. ఏడో రోజు మూడు వాక్యాలు వచ్చాయి. సరుకు చేరకముందే చెప్పినందుకు కృతజ్ఞతలు. వచ్చే నెల ఓడకి మళ్ళీ పంపండి. ఈసారి గాజులు నిజంగా వద్దు.

మర్నాడు నేను షెడ్డుకి వెళ్ళేసరికి గుమ్మం పక్క గోడకి పధ్నాలుగు మేకులు కొట్టి ఉన్నాయి. అత్త ముందుగా తన గాజులు ఒక్కొక్కటీ తీసి మొదటి మేకుకి తగిలించింది. మణికట్టుకి పసుపుదారం కట్టుకుని, దాని మీద తొడుగు వేసుకుంది. ఆడవాళ్ళు పనులాపి చూశారు. అప్పుడే బాయిలరు దగ్గర్నుంచి వచ్చిన మావయ్య ఆ మేకునీ, అత్త చేతినీ మార్చి మార్చి చూసి, తన గుండె మీద చెయ్యి వేసుకుని, "ఒలే, నానున్నానేటే ఇంకా?" అన్నాడు. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు, ఆ నవ్వులతో మిగతా పదమూడు మేకులూ నిండిపోయాయి.

రెండోసారి కొత్తగా వలిచిన పప్పుతో అరవై డబ్బాలూ గ్రాము తేడా లేకుండా తూచాను. కొసరు మాత్రం అత్త మానలేదు. అరవై ఒకటో డబ్బా తెప్పించింది. తొడుగులతోనే అందరూ తలా కొన్ని పిడికిళ్ళు అందులో వేశారు. (తొడుగు కింద పసుపుదారం ఉంది కాబట్టి మనిషి ఇచ్చినట్టేనని అత్త తీర్పు చెప్పింది.) ఆ డబ్బాని కూడా తూచి, వచ్చిన బరువుని కాయితంలో విడిగా రాయించింది. "ఇదేటని రాయాలే అత్తా?" అని ఏజెంటు బావ ఫోనులో తల బాదుకున్నాడు. "ఊరికినే ఇచ్చిందని రాయి" అంది. అలాగే రాశాడు. అది వెళ్ళింది. ఎవరూ ఆపలేదు. ఆ వానాకాలం మా షెడ్డుకి తాళం పడలేదు.

ఇప్పుడు నాకు ముప్ఫై దాటాయి. టెక్కలి శిక్షణల్లో నన్ను కూడా మాట్లాడమని పిలుస్తున్నారు. సముద్రానికి ఇవతలా అవతలా ఉన్నది కాదు, మధ్యలో ఉన్నది చెప్పేదాకా భోజనాలకి లేవనివ్వను. అరవై ఒకటో డబ్బా ఇప్పటికీ వెళ్తూనే ఉంది. కానీ ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు, పిడికిలి ఊపుతూ ఆఫీసరుని భయపెట్టిన వాడు, అప్పుడప్పుడూ గుర్తొస్తాడు. వాణ్ణి తిట్టబోయి నవ్వేస్తాను. అంత తెలియనితనం లేకపోతే వాడసలు ఆ జర్మనీ ఉత్తరానికి జవాబే రాసి ఉండడు.

మొన్న శిక్షణలో నాకు శాలువా కప్పారు. దాన్ని అలాగే భుజాన వేసుకుని షెడ్డుకొచ్చి, గుమ్మం బయట చుట్ట కాల్చుకుంటున్న మామ్మ ముందు నిలబడి, "సూసినావా మామ్మా! నాను నేకపోతే మనం సముద్రం దాటుదుమా?" అన్నాను.

మామ్మ నోట్లోంచి చుట్ట తీసి, నిప్పు కొసని నా శాలువా వైపు చూపించింది.

"సముద్రం దాటింది జీడిపప్పురా బాబూ. నువ్వు తొమ్మిదో తరగతే దాటనేదు."